హౌరా ఎడమవైపు

జ్యోతిర్మయి గ్రాఫు కాగితం మీద ట్రేసింగ్ షీటు పరిచి నాలుగు మూలలా టేపు అంటించింది. షీటు మీద త్రిభుజాలు, కింద కాగితం మీద గడులు. ఒక త్రిభుజం నాలుగు పెద్ద గడులకు అడ్డంగా పడుతోంది. ఆమె పెన్సిల్ మొన సన్నగా చెక్కుకుని, ఆ త్రిభుజం లోపలికి వచ్చిన చిన్న గడుల్లో ఒక్కొక్కదానికీ చుక్క పెడుతూ లెక్కించింది. మొదటి పెద్ద గడిలోని నూరింటిలో డెబ్బై ఒకటి త్రిభుజంలో ఉన్నాయి. రెండో దానిలో నలభై ఎనిమిది, మూడో దానిలో ఇరవై తొమ్మిది, నాలుగో దానిలో పన్నెండు. గీత మీద తెగిపోయిన వాటిని రెండేసి కలిపి ఒకటిగా వేసుకుంది. అప్పుడు తలెత్తి కంప్యూటర్ వైపు చూసింది. ప్రోగ్రాం ఇచ్చిన వాటాలు డెబ్బై, నలభై ఎనిమిది, ముప్ఫై, పన్నెండు.

"ఇదీ కుదిరింది," అంది.

పక్క బల్ల దగ్గరున్న ప్రవీణ్ నవ్వాడు. "దీదీ, పదకొండు వేల త్రిభుజాలున్నాయి. అన్నీ ఇలాగే చుక్కలెడతావేటి? రిటైర్ అయిపోతావు."

"అన్నీ కాదురా, పది. పదీ కుదిరితే మిగతావి దానికే వదిలేస్తాను."

నెహ్రూ నగర్‌లో ఒక డాబా ఇంటి మేడ మీద రెండు గదుల్లో నాగభూషణం గారి ఆఫీసు ఉంది. ఆయన విద్యుత్ కేంద్రంలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాక, నీళ్లూ కాలవల లెక్కలు చేసే ఈ చిన్న సంస్థ పెట్టుకున్నారు. ఆ వేసవిలో వాళ్ల చేతికి వచ్చిన పని రైల్వే లైను పక్క కాలనీల్లో వానాకాలం నిలిచే నీటి లెక్క.

దానికి రెండు ప్రోగ్రాంలు కావాలి. ఒకటి వాన పడ్డాక నేల మీద నీరు ఎటు పారుతుందో చూస్తుంది. అది ఊరిని యాభై మీటర్ల చదరపు గడులుగా కోసుకుంటుంది. రెండోది లైను పక్కన, లైను కింద ఉన్న కాలవల్లో నీరు ఎలా నడుస్తుందో చూస్తుంది. కాలవలు తిన్నగా ఉండవు కాబట్టి అది నేలను త్రిభుజాలుగా కోసుకుంటుంది. కాలవ దగ్గర చిన్నవి, దూరం పోయేకొద్దీ పెద్దవి. రెండూ కలిసి నడవాలి. ప్రతి ఐదు నిమిషాల వానకూ ఒకసారి ఆగి, నేల ప్రోగ్రాం తన గడుల్లోని నీటిని కాలవ ప్రోగ్రాం త్రిభుజాలకు అప్పజెప్పాలి. కాలవలు పొంగితే ఆ నీరు మళ్లీ గడుల్లోకి రావాలి. గడికీ త్రిభుజానికీ ఆకారం కలవదు. ఈ అప్పగింత సరిగ్గా జరిగేలా చూడడం జ్యోతిర్మయి పని.

మొదట ప్రవీణ్ రాసినప్పుడు ప్రతి త్రిభుజమూ తనకు దగ్గరున్న గడిలోని నీటి లోతును అలాగే తీసుకునేది. బొమ్మలో చూడడానికి బాగానే ఉండేది. కాని నూరు బిందెలు బయలుదేరితే తొంభై ఒకటే చేరేవి. మిగతా తొమ్మిదీ ఇంకిపోలేదు, పారిపోలేదు. లెక్కలోంచే మాయమయ్యాయి. జ్యోతిర్మయి దాన్ని తీసేసి, గడిలో ఎంత భాగం త్రిభుజంలో పడుతుందో అంత నీటినే ఇచ్చేలా తిరగరాసింది. ఆ వాటాలనే ఇప్పుడు పెన్సిల్‌తో సరిచూస్తోంది.

ఆమె కంప్యూటర్ చదువు చదవలేదు. తండ్రి శంకరరావు రైల్వేలో పట్టాలు చూసే ట్రాక్‌మేన్‌గా చేరి, కీమేన్ అయి, గ్యాంగు మేట్‌గా రిటైరైన మనిషి. ఆమె తాత పలాస వైపు నుంచి ఈ హిందీ ఊరికి పని వెతుక్కుంటూ వచ్చాడు. ఆమె పుట్టింది రైల్వే క్వార్టర్‌లో. బి.ఎస్సీ. అయ్యాక తోర్వా పేటలో నకళ్లు తీసే దుకాణంలో ట్రేసర్‌గా చేరింది. చిరిగిపోతున్న పాత స్టేషన్ యార్డు డ్రాయింగులను కొత్త షీట్ల మీదికి ఎత్తడం అక్కడి పని. పదిహేనేళ్లు అదే చేసింది. తర్వాత స్కానర్లు వచ్చి దుకాణం మూతపడింది. అప్పటికే కొట్టు యజమాని పాత కంప్యూటర్ మీద గీతలు గీసే ప్రోగ్రాం నేర్చుకుంది. గీతలకు కొలతలు కట్టడం కోసం చిన్న చిన్న ప్రోగ్రాంలు రాయడం మొదలుపెట్టింది. అర్థం కాని పేజీలు ప్రింటు తీసుకుని వంటగదిలో గోడకు అంటించుకునేది. పోపు వేస్తూ చదివేది. నాగభూషణం గారు ఆమె డిగ్రీ అడగలేదు. ఒక డ్రాయింగు ఇచ్చి, ఇందులో తప్పేమిటో చెప్పమన్నారు. ఆమె రెండు చెప్పింది. ఆయనకు తెలిసింది ఒక్కటే.

ఈ నీటి లెక్క తేల్చాల్సిన సంగతి ఒక్కటే. లైను కింద నుంచి మనుషులు నడిచే దారులు, ఇక్కడి మాటలో పుల్‌లు, రెండున్నాయి. ఒకటి దాధాపారా స్టేషన్ వైపు, ఇంకొకటి గతౌరా స్టేషన్ వైపు. నీరు తోడే పంపులు ఒక్క చోటికే వచ్చాయి. వానలు మొదలయ్యేలోగా ఏదో ఒక దారి పక్కన దిమ్మె కట్టి వాటిని బిగించాలి. దారి నిండిపోతే జనం ఆగరు. గట్టెక్కి, పట్టాలు దాటి అవతలికి పోతారు.

జ్యోతిర్మయి పిన్ని మంగాయమ్మ అలా దాటే మనిషే. ఆమె లైనుకు అవతలి బడిలో మధ్యాహ్నం వంట చేస్తుంది. పోయిన జూలైలో గతౌరా వైపు దారి మునిగితే కూరగాయల సంచీతో పట్టాలెక్కి కంకర మీద జారిపడింది. గూడ్సు పక్క లైను మీద పోయింది. అదే లైను మీద వచ్చి ఉంటే అన్న మాట ఇంట్లో ఎవరూ పూర్తి చేయలేదు.

సోమవారం నాటికి పది త్రిభుజాలూ కుదిరాయి. రెండు ప్రోగ్రాంలూ కలిపి నడిపితే బయలుదేరిన నీరు, చేరిన నీరు చుక్క తేడా లేకుండా సరిపోయాయి. ఫలితం మాత్రం ఆమె అనుకున్నట్టు రాలేదు. నీరు ఎక్కువ నిలిచేది దాధాపారా వైపు దారిలో అని వచ్చింది. తనకు ఏది కావాలో తనకు తెలుసు. తెలుసు కాబట్టే నోరు మెదపలేదు. పిన్ని కోసం లెక్క మార్చడం మొదలుపెడితే ఇక లెక్క దేనికి? నాగభూషణం గారు మొత్తాలు చూసి సంతకం పెట్టారు. ముసాయిదా రిపోర్టు అదే సాయంత్రం పని చేయించే ఆఫీసుకు వెళ్లిపోయింది.

మంగళవారం పొద్దున తోర్వాలో ఇంటి దగ్గర ఆమె టిఫిను డబ్బా సర్దుకుంటుంటే, బల్ల మీదున్న ప్రింటును శంకరరావు కళ్లజోడు పెట్టుకుని చూశాడు. కూలర్ గాలికి కాగితం లేచిపోతుంటే మోచేయి ఆనించి పట్టుకున్నాడు.

"ఏటే ఇది? ఈ నీలం రంగేటి?"

"నీళ్లు నాన్నా. గట్టి వాన పడితే నిలిచే నీళ్లు."

"ఇది దాధాపారా వైపు పుల్ కాదేటి?"

"అదే."

"ఓలమ్మ! ఆడ నీరేటే? ఆడ పిక్క దాటి నీరు నిలవగా నానెప్పుడూ సూడలేదు. ముప్పై రెండేళ్లు ఆ లైను మీద సుత్తి అట్టుకుని నడిసినాను. నీరంతా గతౌరా వైపుకే దిగుతాది."

వాకిట్లో కూర్చుని చింతపండు ఈనెలు తీస్తున్న మంగాయమ్మ అక్కడి నుంచే అందుకుంది. "బావా, నన్నడుగు. నడుం దాకా తడిసినదాన్ని నాను. ఆ కంప్యూటర్‌ని ఒకపాలి ఆ పుల్ కింద నిలబెట్టవే జ్యోతీ, దానికే తెలుస్తాది."

"దాన్ని నిలబెడితే పాడైపోద్ది పిన్నీ."

"మరి నాను పాడవ్వనేటి?"

ముగ్గురూ నవ్వారు. కాని స్కూటీ మీద ఆఫీసుకు వెళ్తున్నంతసేపూ ఆ మాట ఆమెను వదలలేదు. తండ్రి చెప్పింది నిజం కావచ్చు. ఆయన నడిచిన కాలం తర్వాత కాలవలు మారి ఉండవచ్చు. పిన్ని తడిసింది నిజమే కాని, రెండో దారిలో ఇంకెంత లోతుందో ఆమె చూడలేదు. ఎవరి మాట గొప్పదని కూర్చుని తేల్చుకునే పని కాదిది.

ఆఫీసులో చెబితే ప్రవీణ్ కుర్చీ వెనక్కి వాలాడు. "అరే దీదీ, టోటల్ చుక్క చుక్కా టాలీ అయింది కదా. మీ నాన్నగారికి గుర్తున్న యాద్ వేరు, డేటా వేరు. మళ్లీ ఎందుకు తవ్వడం?"

"మొత్తం కుదిరింది. కాని ఎక్కడి నీరు ఎక్కడికి వెళ్లిందో మనం చూశామా?"

"మొత్తం కుదిరిందంటే మత్‌లబ్ అన్నీ చేరినట్టే కదా?"

"నూరు ఉత్తరాలు బయలుదేరి నూరూ చేరాయి. ఎవరి ఉత్తరం ఎవరింటికి చేరిందిరా?"

ప్రవీణ్ వాలిన కుర్చీని ముందుకు లాక్కున్నాడు.

ఆమె వానను ఆపేసింది. ఊళ్లోని గడులన్నిటిలో సున్నా పెట్టి, ఒక్క గడిలో మాత్రం వేయి లీటర్లు పోసింది. గతౌరా వైపు దారి ఉన్న గడి అది. రెండు ప్రోగ్రాంలనూ ఒకే ఒక్క అప్పగింత వరకు నడిపి ఆపింది. చేరిన నీరు సరిగ్గా వేయి లీటర్లు. ఏ త్రిభుజాల్లో చేరిందో నంబర్లు తీసింది. 10,611. 10,612. 10,640.

ఆమె ఆ మూడు నంబర్లనూ కాగితం మీద రాసుకుంది.

త్రిభుజాలకు నంబర్లు వేసింది తనే. షీటు ఎడమ చివర నుంచి మొదలుపెట్టి కుడికి వేసుకుంటూ పోయింది. గతౌరా వైపువి తొలి నాలుగైదు వందల్లో ఉండాలి. పది వేలు దాటినవి దాధాపారా కొసన ఉంటాయి.

దాధాపారా వైపు గడిలో వేయి లీటర్లు పోసి చూసింది. 388, 391. గతౌరా కొస. మూడోసారి స్టేషన్ భవనం దగ్గర పోసింది. ఆ నీరు మాత్రం స్టేషన్ దగ్గరే చేరింది.

"ప్రవీణ్, ఇటు రా."

పాత యార్డు డ్రాయింగు స్కాన్ తెర మీదికి తెచ్చింది. కాలవల త్రిభుజాలు గీసింది ఆ డ్రాయింగు నుంచే. మూలన, అంగుళమైనా లేని చిన్న బాణం ఉంది. ఉత్తరం గుర్తు. దాని మొన కిందికి చూస్తోంది.

ఈ లైను మీద రైల్వే మనుషులు దూరాలు హౌరా నుంచి కొలుస్తారు. చిన్న కిలోమీటరు నంబరు ఎడమ, పెద్దది కుడి. ఆమె ఎత్తిన డ్రాయింగులన్నీ అలాగే ఉండేవి. హౌరా ఎప్పుడూ ఎడమవైపు, బొంబాయి ఎప్పుడూ కుడివైపు. నిజానికి హౌరా ఉన్నది తూర్పున, గతౌరా ఉన్నదీ అటే. అంటే ఆ షీటు మీద తూర్పు ఎడమకు వచ్చి, ఉత్తరం అడుగుకు పోతుంది. ఊరి పటంలో ఉత్తరం పైన, తూర్పు కుడివైపు ఉంటాయి. పదిహేనేళ్లు అలాంటి డ్రాయింగులు ఎత్తిన చేతికి ఆ బాణం ఎప్పుడూ అవసరపడలేదు. చిన్నప్పటి నుంచి ఇంట్లో తూర్పు పడమర అన్న మాటే వినలేదు. "హౌరా వైపు మంచం జరుపు," అనేది అమ్మ.

"నేను స్టేషన్ భవనం దగ్గర ఒక్క గుర్తు పెట్టి రెండింటినీ కలిపేశాను," అంది జ్యోతిర్మయి. "ఒక్క మేకు కొడితే కాగితం పడిపోదు. కాని గిర్రున తిరుగుతుంది. ఇది సగం చుట్టు తిరిగి ఆగింది."

"అందుకే టోటల్ టాలీ అయింది," అన్నాడు ప్రవీణ్ మెల్లగా. "తిరిగినా అదే చోట్లో సరిపోయింది కదా. బయటికి ఏమీ పోలేదు."

"అవును. తొంభై ఒకటే చేరుతున్నప్పుడు తప్పు ఉందని మనకు తెలిసింది. నూరూ చేరగానే వెతకడం మానేశాం."

ఆమెకు ముందు సిగ్గు వేయలేదు. ఛాతీ మీంచి బరువు దిగినట్టయింది. తప్పు ఎక్కడుందో తెలిసింది. అది లెక్క పద్ధతిలో లేదు. వాటాలు సరైనవే, చుక్కలు పెట్టి చూసినవి సరైనవే. దిద్దాల్సింది ఒక్క చోట. సిగ్గు తర్వాత, నాగభూషణం గారి గది తలుపు దగ్గర వేసింది.

"ముసాయిదా వెనక్కి తీసుకోవాలండీ. కాలవల త్రిభుజాల గ్రిడ్ తలకిందులుగా ఉంది."

ఆయన కాగితాల మీంచి చూపు ఎత్తారు. "ఎవరు పెట్టారమ్మా?"

"నేనేనండీ. డ్రాయింగులో ఉత్తరం గుర్తు చూసుకోలేదు, స్టేషన్ దగ్గర ఒక్క మేకే కొట్టాను."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఒక్క మేకు కొట్టి పటం వేలాడదీసింది నువ్వు. తిన్నగా ఉందని సంతకం పెట్టింది నేను. ఎట్లా తెలిసింది?"

చెప్పింది. తండ్రి అన్నది, పిన్ని అన్నది దాచలేదు. ఒక్క గడిలో పోసిన నీటి కాగితం ముందు పెట్టింది. ఆయన మూడు వరుసలూ చదివి ఫోను తీసుకున్నారు. అవతల పని చూసే ఇంజనీరు సాహు గారు. హిందీలో మాట్లాడుతున్న నాగభూషణం గారి ముఖం కొద్దికొద్దిగా బిగిసింది.

"ముగ్గు పోసేశారట," అన్నారు ఫోను పెట్టేసి. "దాధాపారా వైపు దిమ్మెకు. శుక్రవారం తవ్వకం మొదలు. గురువారం పదకొండింటికి సరైనది తెస్తే ఆపుతామన్నారు. అవుతుందా?"

"అవుతుందండీ."

"తొందరపడకు. ఈసారి తప్పు వస్తే వాళ్లు మన మాట వినరు, ఇంకో రిపోర్టు ఇచ్చినా చదవరు."

దిద్దడానికి అరగంట పట్టింది. స్టేషన్ భవనానికి తోడు, పడమటి కొసన ఉన్న లెవెల్ క్రాసింగ్ దగ్గర రెండో గుర్తు పెట్టింది. తూర్పు కొసన మూడోది కూడా పెట్టింది. అది పటాన్ని నిలపడానికి కాదు, నిలిచిందో లేదో చూడడానికి. ఒక్క గడి నీటిని మళ్లీ పోసింది. గతౌరా గడి నీరు 402లో, 405లో పడింది. వాటాలన్నీ మళ్లీ కట్టింది. పది త్రిభుజాలను మళ్లీ పెన్సిల్‌తో చూసింది. ఈసారి ఐదు ప్రవీణ్ చూశాడు. వాడికి చుక్కలు పెట్టడం చేతకాక మొదటి కాగితం చిరిగిపోయింది.

"ఇంత నొక్కుతావేటిరా, కట్టెలు పగలగొడుతున్నావా?"

"మరి నేర్పించు దీదీ."

పెన్సిల్ ఎలా పట్టుకోవాలో చూపించింది.

బుధవారం పొద్దున పదింటికి రెండు ప్రోగ్రాంలనూ నడపడం మొదలుపెట్టారు. పోయిన జూలైలో కురిసిన అసలు వాననే గంట గంటకూ లోపల పెట్టారు, పూర్తవడానికి ఆరు గంటలు పడుతుంది. కంప్యూటర్‌ను ప్రవీణ్‌కు అప్పగించి, కొలత టేపు సంచిలో వేసుకుని జ్యోతిర్మయి స్కూటీ తీసింది. ఎండకు సీటు కాలుతోంది. ముఖానికి చున్నీ చుట్టుకుని గతౌరా వైపు దారికి వెళ్లింది. లోపల చల్లగా ఉంది. ఇద్దరు మనుషులు సైకిళ్లు ఆనించి బీడీలు కాలుస్తున్నారు. గోడ మీద సున్నం వేశారు గాని, దాని కింద బురద చార ఇంకా కనబడుతోంది. నాలుగు చోట్ల కొలిచింది. మీటరు ముప్ఫై ఒకటి, ముప్ఫై మూడు, ముప్ఫై, ముప్ఫై రెండు.

"క్యా నాప్ రహీ హో బహన్?" ఏం కొలుస్తున్నావని అడిగాడు ఒకడు.

"పిఛ్లే సాల్ కా పానీ." పోయినేటి నీళ్లు అంది.

అతను తన రొమ్ము కింద చెయ్యి పెట్టి చూపించాడు. "ఇత్‌నా థా." ఇంతవరకూ వచ్చిందట. ఆమె అదీ రాసుకుంది.

అక్కడి నుంచి దాధాపారా వైపు వెళ్లింది. చార కోసం వంగి వెతకాల్సి వచ్చింది. పదిహేడు సెంటీమీటర్లు. బయట గట్టు మీద తెల్లటి ముగ్గు గీతలు చతురస్రంగా మెరుస్తున్నాయి. ఆమె వాటిని తొక్కకుండా పక్క నుంచి నడిచింది.

నాలుగున్నరకు ఆఫీసుకు చేరేసరికి ప్రవీణ్ మెట్ల మీద నిలబడి ఉన్నాడు. "నువ్వు ముందు చెప్పు దీదీ."

"నువ్వే చెప్పు. నా నంబర్లు వింటే నీ నంబర్లు వాటి వైపు వంగుతాయి."

"గతౌరా వైపు, మీటరు ముప్ఫై ఆరు. దాధాపారా వైపు, ఇరవై ఒక్క సెంటీమీటర్లు."

ఆమె పుస్తకం తెరిచి చూపించింది. ప్రవీణ్ రెండుసార్లు చదివి, మెట్టు మీదే కూర్చుండిపోయాడు. "నాలుగైదు సెంటీమీటర్లేనా తేడా? అచ్ఛా! ఈ లెక్కన మీ నాన్నగారి యాద్ కూడా డేటానే."

"కాదు. ఆయన మాట విని మనం కొలిచాం. గోడ మీద చార, అది డేటా." ఆమె కూడా పక్కన కూర్చుంది. ప్రవీణ్ లోపలికి వెళ్లి కుండలోంచి నీళ్లు తెచ్చి ఇచ్చాడు. గ్లాసు ఖాళీ చేసి ఇంకోటి అడిగింది.

"ఇంకో సంగతి," అన్నాడు ప్రవీణ్. "నీ ఒక్క గడి టెస్టును ప్రోగ్రాం మొదట్లో పెట్టేశాను. రెండు కొసల్లో, మధ్యలో. నీరు పడాల్సిన చోట పడితేనే ముందుకు వెళ్తుంది. లేకపోతే ఆగిపోయి చెబుతుంది."

"ఏమని చెబుతుంది?"

"ఉత్తరం ఎటు ఉందో చూసుకో అని."

రిపోర్టు ఆ సాయంత్రమే తిరగరాశారు. ముసాయిదాలో ఏం తప్పు జరిగిందో మొదటి పేజీలోనే పెట్టాలని జ్యోతిర్మయి పట్టుబట్టింది. చివర్లో అనుబంధంగా పెడితే చాలదా అని నాగభూషణం గారు ఒకసారి అడిగి, ఆమె ముఖం చూసి, తనే ఆ పేరా రాసి ఇచ్చారు. నాలుగు వాక్యాలు.

గురువారం పదకొండుకు పది నిమిషాల ముందే జ్యోతిర్మయీ నాగభూషణం గారూ సాహు గారి ఆఫీసులో ఉన్నారు. సాహు గారు మొదటి పేజీ చదివి, పెద్ద షీటు విప్పించారు. జ్యోతిర్మయి దాన్ని బల్ల మీద పరిచి, అంచుల మీద పేపరు వెయిట్లు పెట్టింది. షీటు మీద ఉత్తరం బాణం అరచెయ్యంత ఉంది. కింద రెండు వైపులా పెద్ద అక్షరాలతో హౌరా, బొంబాయి అని రాసి ఉంది.

"మేడమ్, సోమవారం ఒకటి చెప్పారు, ఇవాళ ఇంకొకటి. ఏది నమ్మాలి?" అన్నారు సాహు గారు హిందీలో.

ఆమె రెండో కాగితం ముందుకు జరిపింది. ఒక వరుసలో గోడ మీద కొలిచినవి, రెండో వరుసలో ప్రోగ్రాం చెప్పినవి. ఆయన వేలితో రెండు వరుసలూ వెంబడి చదివారు. తర్వాత మూడో కాగితం తీశారు, ఒక్క గడిలో పోసిన నీటిది.

"ఈ కొలతలు ఎవరు తీశారు?"

"నేను. కావాలంటే మీ మనిషిని పంపి ఇప్పుడే మళ్లీ తీయించండి. చార ఇంకా ఉంది."

సాహు గారు ఫోను తీశారు. దాధాపారా వైపు ముగ్గు చెరిపేయమని, కూలీలను రేపు గతౌరా వైపు దింపమని మేస్త్రీకి చెప్పారు. అవతల మేస్త్రీ ఏదో గొణిగినట్టున్నాడు. "అరే భాయీ, ముగ్గే కదా, ఇంకా తవ్వలేదు కదా," అన్నారు సాహు గారు, అని నవ్వారు కూడా.

నాగభూషణం గారు కుర్చీలో వెనక్కి ఆనుకుని మొదటిసారి టీ కప్పు ముట్టుకున్నారు. జ్యోతిర్మయి షీట్లు మూడూ, గ్రిడ్లూ వాటాలూ ఉన్న పెన్‌డ్రైవూ, పది త్రిభుజాల చుక్కల కాగితాలూ ఒక్కొక్కటే లెక్కపెట్టి బల్ల మీద ఉంచింది. సాహు గారు అందినట్టు సంతకం చేసి, తేదీ వేసి, కార్బన్ కాపీ చింపి ఆమె చేతికిచ్చారు.